స్పేర్ పార్టు రావాలె

ఆగస్టు నెలల షార్జాల
చన్నీళ్ల నల్లా తిప్పితె సలసల కాగే నీళ్లొస్తయ్.
హీటరు బందువెట్టి, దాంట్ల నిలవున్నయే
చన్నీళ్లనుకొని పోసుకుంటం.
ఈ ఊరు మొదాలు నేర్పే పాఠం గిదే:
నల్లా మీది రంగును నమ్మొద్దు.

పొద్దుగాల రోలా మూలమీద
కుంజుమోన్ హోటల్ల కరక్ చాయ్.
ఆయినకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు,
పాపం హిందీని పట్టుకొని
చెరో కాలు గుంజుతం.

ఏసీలకెళ్లి బయట అడుగు వెడితె
కండ్లద్దాలు తెల్లగైతయ్.
కొద్దిసేపు ఊరే ఉండది.
తుడుసుకున్నంక ముందుగాల్ల కనవడ్డది పిల్లి,
గోడ పక్కన, పైపుల్నుంచి చుక్కచుక్క పడేకాడ నాలిక చాపి.
మేం చల్లగ జేసిన ఇండ్ల చెమటే
దానికి బాయి.

ఆ దినం పని ఆరో అంతస్తుల.
లిఫ్టు బందు.
వాచ్‌మన్ షఫీకుల్ చెయ్యి పైకి జూపిండు,
దేవున్ని జూపినట్టు.
నేను పనిముట్ల సంచి, రాజలింగు నిచ్చెన.
అంతస్తుకో వాసన.
రెండుల ఎండుచాపలు, మూడుల అత్తరు,
నాలుగుల ఎవలో పోపేస్తున్నరు, ఆవాలు చిటపట.
అక్కడ రాజలింగు నిచ్చెన దించి చెమట తుడుసుకున్నడు.
లేని చెమట గూడ తుడుసుకున్నడు.

తలుపు తీసింది ఉమ్మ్ హాని, మిస్రీ ముసలమ్మ.
"సౌండ్, సౌండ్" అని చెవులు మూసుకొని జూపింది.
కిటికీ ఏసీ గురక వెడుతున్నది,
కల్లు తాగి పన్న మా కాక లెక్క.
మూత ఇప్పిన, ఫ్యాను జూసిన, బోల్టులు బిగించిన.
గురక పోలే.
ఇగ కిటికీలకెళ్లి సగం బయటికి వంగిన.
రాజలింగు నా బెల్టు పట్టుకున్నడు.
కింద బస్సులు అగ్గిపెట్టెలంత.

ఏసీ నెత్తిమీద పావురం.
కదలలే.
కాయితాలున్నయా అన్నట్టు నన్నే జూసింది.
గూడంటె ఏముంది,
మూడు చీపురు పుల్లలు, ఒక ఐస్‌క్రీం పుల్ల,
ప్లాస్టిక్ పట్టీలు, ఎర్రవైరు ముక్క.
ఆ వైరు నాదే.
పోయినారం పక్క బిల్డింగు మీద కోసి,
ఊడ్వకుంట ఇడిసిపెట్టొచ్చి
ఫోర్‌మన్‌తోని తిట్లు తిన్న వైరు.
దాని కొస ఏసీ రేకును తాకి గిర్రు గిర్రు.
ఇంత దూరమొచ్చి
నా చెత్తనే నేను రిపేరు జెయ్యాలె.

పట్టుకారు దీసిన.
వైరు గుంజితె గూడు జారుతది.
పావురం కొంచెం పక్కకు జరిగింది,
రెండు గుడ్లు.

ముసలమ్మకు చేతులు రెక్కలు జేసి జెప్పిన.
అర్థంగాక కుర్చీ ఎక్కబోయింది.
ఇద్దరం వద్దు వద్దని, ఫోన్ల ఫొటో దీసి జూపినం.
ఫొటోను ఏలితోని పెద్దగ జేసింది, ఇంకా పెద్దగ జేసింది.
"ఖలాస్" అని
స్విచ్చు బందువెట్టింది.
నలభై ఆరు డిగ్రీల ఎండల!

వంటింట్లకెళ్లి మెడ ఇరిగిన టేబుల్ ఫ్యాను దెచ్చింది.
దాని మెడ నిలవెట్టిన, దానికి చీటీ లేదు, లెక్క లేదు.
గిలాసల ఎర్రటి పూల షర్బత్ వోసింది,
చింతపులుసు చక్కెరల జారిపడ్డట్టుంది.
రాజలింగు రెండోసారి అడిగి తాగిండు.

జాబు కార్డుల ఏం రాయాలె?
పని: కాలే.
కారణం: శానాసేపు పెన్ను కొరికి రాసిన,
స్పేర్ పార్టు రావాలె, పద్దెనిమిది రోజులు.

మెట్లు దిగుతుంటెనే సూపర్‌వైజర్ ఫోను.
ఏం పార్టు? ఎన్ని పీసులు?
రెండు సార్.
చిన్నయే. తెల్లయి.

రాజలింగుకు నవ్వాగలే, నిచ్చెన జారింది.
మెట్టు మెట్టు లెక్కవెట్టుకుంట పోయి
పోపు వాసన తలుపుకు గుద్దుకున్నది.
తలుపు తెరుసుకున్నది.
చేతిల గరిట, నెత్తికి తువ్వాల, గోదారి యాస:
"ఎవర్రా అది? మెట్లిరగ్గొట్టేత్తారేంటి?"